మేనిమచ్చయు కిరణచికిత్సయు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో "కరెంటు పెట్టుట" యను మాట యొకటి కలదు. కాన్సరు రోగికి కిరణములతో చేయు వైద్యమునకు జనులు పెట్టుకొన్న పేరది. ఆ వైద్యమున రోగి దేహమునకు ఏ తీగయు కట్టరు. విద్యుత్తు మేనిని తాకదు. అయినను పేరు నిలిచిపోయినది. పేరుతోబాటు భయమును నిలిచినది. "ఆమెకు కరెంటు పెట్టుచున్నారట" యని యొకరు చెప్పగానే వినువారు గొంతు తగ్గింతురు. ఆ యిల్లాలి దినములు ముగిసినట్లే తలంతురు. ఆ కిరణచికిత్సలో నొక చిన్నశాఖను గూర్చి, అనగా చర్మమున పుట్టు లింఫోమా యను కాన్సరునకు చేయు చికిత్సను గూర్చి, సోదరీమణులకు కొంత తెలుపవలెనని మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. వ్యాధి యరుదైనదే. కాని యది తఱచుగా పొడసూపు చోట్లు స్త్రీలు పరులకు చూపని చోట్లగుటచేతను, చికిత్సయు సిగ్గుతో ముడివడినదగుటచేతను, దీనిని వైద్యులు వైద్యులకొఱకు వ్రాసికొను గ్రంథములకే విడిచిపెట్టుట మాకు సబబుగా తోచలేదు.

చర్మము మనకు పుట్టుకతో వచ్చిన కవచము. కర్ణునికి మాత్రమే సహజకవచమున్నదని భారతము చదివి మనమనుకొందుము గాని, ప్రతి ప్రాణికిని అట్టిదొకటి కలదు. ఈ కవచమునకు కావలివారుగా లింఫోసైటులను తెల్లకణములు నెత్తురునుండి చర్మములోనికిని, చర్మమునుండి నెత్తురులోనికిని తిరుగుచుండును. ఆ కావలివారిలో కొందఱు దారితప్పి, చర్మముననే కాపురము పెట్టి, హద్దులేక సంతతిని పెంచుకొన్నచో దానినే చర్మలింఫోమా యందురు. లింఫోసైటులలో టీ యనియు, బీ యనియు రెండు తెగలు. చర్మమున పుట్టు లింఫోమాలలో సుమారు నాలుగింట మూడుపాళ్లు టీ తెగకు చెందినవే. వానిలో నెక్కువగా కానవచ్చునది మైకోసిస్ ఫంగోయిడీస్ అనునది.

ఈ పేరే యొక చిక్కు తెచ్చినది. 1806వ సంవత్సరమున ఆలిబేర్ అను ఫ్రెంచి వైద్యుడు పారిసు నగరపు సెయింట్ లూయీ యాసుపత్రిలో నొక రోగి మేనిపై పుట్టగొడుగులవంటి గడ్డలను జూచి దీనిని వర్ణించెను. పుట్టగొడుగును బట్టి తరువాత పేరు వచ్చినది. బూజు జాతికిని ఈ వ్యాధికిని సంబంధమేమియు లేదు. విచిత్రమేమనగా, రెండువందల యేండ్లు గడచినను మన యూళ్లలో దీనిని తామర యనియే, అనగా బూజు జాతివలన వచ్చిన దనియే, తలచి మందు పూయుచున్నారు.

అట్లు పొరబడుటకు కారణము లేకపోలేదు. మొదట నిది పలుచని మచ్చగా బయలుదేఱును. కొంచెము పొట్టు రాలును. కొందఱికి దురద, కొందఱికి అదియు లేదు. ఏండ్లు గడచినకొలది మచ్చలు దళసరియై పలకలు కట్టును. అందఱికిని కాదు గాని కొందఱికి తుదకు గడ్డలగును. ఎండ తగులని చోట్లను, అనగా పిరుదులు, తొడల పైభాగము, నడుము, రొమ్ములు, చంకల దాపు, ఇట్టి తావులను ఈ వ్యాధి యెక్కువగా నాశ్రయించును. చీరెయు రవికెయు కప్పిన మేర యంతయు దానికి నివాసమే. ముఖముననో ముంజేతిననో అయినచో నెవరైన చూచి యడుగుదురు. ఇది యట్లు కాదు. ఇంక మన దక్షిణదేశపు చామనచాయ మేనులలో నీ వ్యాధి యొకప్పుడు ఎఱ్ఱగా గాక వెలవెలబోయిన తెల్లని మచ్చలుగా కనబడును. చిన్నవయసువారిలో నిది మఱియు హెచ్చు. అప్పుడు కుష్ఠమను సందేహము బయలుదేఱును. ఇంటిలో పెండ్లికెదిగిన పిల్ల యున్నచో నా మచ్చ యేలాగు దాచబడునో మన పాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కుష్ఠపు మచ్చపై సాధారణముగా స్పర్శజ్ఞానము తగ్గును. దీనిపై నట్లు తగ్గదు. కాని యింటిలో గుచ్చి చూచికొని తేల్చుకొనదగిన విషయము కాదిది. చర్మమునుండి చిన్న తునక తీసి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించినగాని తెలియదు. తొలినాళ్లలో నొక్కసారి తీసిన తునకతోను తేలకపోవచ్చును. రెండవసారి, మూడవసారి తీయుదురు. దానిని వైద్యుని చేతగానితనమని తలంపరాదు. వ్యాధి స్వభావమే యట్టిది.

అంగడిలో నడిగినవారికెల్ల నమ్ము పూతమందుగొట్టముల సంగతి యిక్కడ చెప్పకతప్పదు. వానిలో పెక్కింట స్టిరాయిడు కలిసియుండును. పూసిన నాలుగు దినములు మచ్చ యణగినట్లు కానవచ్చును. మానినంతనే మఱల తలయెత్తును. ఈలోపల మచ్చ రూపు మాఱి, పరీక్షించు వైద్యునికి సయితము జాడ తెలియకుండ పోవును. ఆఱునెలలు మందు పూసినను మానని మచ్చ, మాని మఱల వచ్చుచున్న మచ్చ, చోటులు మార్చుచు పెరుగుచున్న మచ్చ యున్నచో చర్మవైద్యునికి చూపవలయును. చూపునప్పుడు ముంజేతిమీది చిన్నమచ్చ నొక్కదానిని చూపి, తక్కినవానిని చీరెక్రింద నుంచుకొని తిరిగివచ్చుట యెవరికిని మేలుకాదు.

మా వీధిలో నొక యిల్లాలు కలరు. మా కంటె పెద్దవారు. మేము అక్కయ్యగారని పిలుతుము. నడుముచుట్టు మచ్చలు లేచి యేడెనిమిదేండ్లు తామర యనుకొని గడపిరి. చాకలికి వేయు బట్టలు వేఱుచేసిరి. మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొనుట మానిరి. అంటునేమోయని భయము! ఈ వ్యాధి యంటునది కాదు. ముట్టుకొన్నను, ఒకే పడకపై పండుకొన్నను, ఒకే కంచమున తిన్నను సోకదు. ఆ మాట తెలియక యామె యేడెనిమిదేండ్లు పసిబిడ్డను దూరముంచినారని తలచుకొన్నప్పుడు మాకు వ్యాధికంటె దానిగూర్చిన యజ్ఞానమే క్రూరమైనదని తోచును. తుదకు కూతురు బలవంతముచేసి తీసికొనిపోగా, రెండవమాఱు తీసిన తునకలో వ్యాధి తేలినది. వీపు, పొట్ట, తొడలు అంతటను దళసరి మచ్చలుండుటచే మేనంతటికిని కిరణచికిత్స చేయవలెనని వైద్యులు నిర్ణయించిరి. ఆ పద్ధతి యెట్టిదో వినినంతనే యామె "నేను రాను పొండు" అని గోడవైపు తిరిగి పండుకొనిరి. ఏల యట్లనిరో తెలియుటకు ముందు, ఈ చికిత్స యేమో తెలిసికొనవలెను.

1895వ సంవత్సరము డిసెంబరు 22వ తేదిన జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు తన భార్య బెర్తా చేతిని కిరణములయెదుట నుంచి చిత్రము తీసెను. ఎముకలును, వ్రేలికున్న యుంగరమును మాత్రమే పడిన ఆ చిత్రమును జూచి యామె భీతిల్లెనని చెప్పుదురు. ఎక్స్‌కిరణములతో తీసిన తొలి మానవచిత్రములలో నది ప్రసిద్ధము. అది యొక గృహిణి చేయి యగుట మనము గుర్తుంచుకొనదగినది. ఏడేండ్లు తిరుగకుండ, 1902లో, షోల్ట్‌జ్ అను వైద్యుడు ఆ కిరణములనే మైకోసిస్ ఫంగోయిడీసుపై ప్రయోగించెను. మచ్చలు కరగినవి. ఇతర కాన్సరులకంటె నిది కిరణములకు త్వరగా లొంగును. ఏలయన లింఫోసైటు మిగుల సుకుమారమైన కణము, కొలది మాత్రకే నశించును. కిరణశక్తి దేహమున నెంత యింకినదో కొలుచుటకు గ్రే యను మానము వాడుదురు. తల, మెడ కాన్సరులకు 60 మొదలు 70 గ్రేల దాక అవసరమగుచుండగా, చర్మలింఫోమాకు పెక్కుమాఱులు అందు సగమునైనను పట్టదు.

మచ్చ యొక్కటియే యుండి, వ్యాధి మఱెక్కడను లేదని పరీక్షలలో తేలినప్పుడు, ఆ యొక్క తావుననే కిరణములు ప్రసరింపజేయుదురు. అట్టిచో 24 మొదలు 30 గ్రేల వఱకు, దినమున కొంత చొప్పున, కొన్ని వారములలో నిత్తురు. వ్యాధి పలుచోట్ల నుండియు ఏవో రెండుమూడు గడ్డలు మాత్రము బాధించుచున్నచో వానికి 8 మొదలు 12 గ్రేలు చాలును. ఒక్కొక్కప్పుడు ఒకే పూటతో సరి. బీ తెగలో మెల్లగా నడచు రకములకు 24 గ్రేలు సాధారణము. కొందఱికి రెండుపూటలలో కలిపి 4 గ్రేలు మాత్రమే యిచ్చి చూతురు. అంత స్వల్పమాత్రకే గడ్డ కరగుట పలువురియందు చూచినారు. బీ తెగలోనే "కాలి రకము" అనునది వేఱు. ఇది వయసుమీఱిన స్త్రీలకే యెక్కువగా వచ్చును. మోకాలి క్రింద ఎఱ్ఱనివో నీలివర్ణముగలవో గడ్డలు లేచి వేగముగా పెరుగును. దానికి కిరణములతోబాటు రక్తమున కెక్కించు మందులును కావలయును. అవ్వ కాలిపై గడ్డ లేచినప్పుడు "నడివయసులో కట్టెలు మోసిన కాలు, అట్లే యుండును" అని యుపేక్షింపరాదు.

చిన్న తావునకు చేయు చికిత్సలో రెండు విషయములు మాకు మిగుల నచ్చినవి. మొదటిది సీసపు పలక. మచ్చ యెంత మేర యున్నదో అంతమేర రంధ్రము చేసిన పలకను కిరణమున కడ్డుపెట్టుదురు. మన కాళహస్తి కలంకారీ పనివారు నీలిరంగు తగులరాని చోట మైనము పూసి బట్టను కాచుకొనుట యెఱుగుదుము గదా! ఇదియు నట్టిదే: సీసమున్నచోటికి కిరణము రాదు. రెండవది మైనమే. ఈ యంత్రపు కిరణములకొక గుణము కలదు. చర్మపు పైపొరయందు తక్కువగా పనిచేసి, కొంచెము లోతునకు పోయినపిమ్మట పూర్తిబలము చూపును. మనకు కావలసినదో పైపొర! అందుచే మచ్చమీద మైనమునో, జిగటపలకనో, తడిగుడ్డనో పఱచి, కిరణమునకు చర్మము ముందే మొదలైనదని భ్రమ కల్పింతురు. మడమ, చెవి, వ్రేళ్లు వంటి వంకర తావులకు ఆ యాకృతికి సరిపడు తొడుగు చేసి, అందు సన్నని గొట్టములమర్చి, వానిగుండ కిరణములను వెలువరించు చిన్నగింజను నడపు పద్ధతియు కలదు.

మచ్చలు మేనంతట నున్నచో నేమి చేయవలెను? ఎక్స్‌కిరణములు దేహముగుండ దూసికొనిపోవును. మేనంతట వానిని ప్రసరింపజేసినచో ఎముకలలోని మూలుగు చెడును, ఊపిరితిత్తులు, ప్రేగులు దెబ్బతినును. కవచమును బాగుచేయబోయి కవచధారిని గూల్చినట్లగును. ఈ చిక్కును విప్పినది ఎలక్ట్రానుల ధార. ఎలక్ట్రాను తేలికైన కణము. దేహమున కొంచెము దూరముపోయి ఆగిపోవును. 1953లో అమెరికాలో ట్రంప్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును రోగిని పడకపై పండుకొనబెట్టి, ఆ పడకను ఎలక్ట్రానుధారక్రింద మెల్లగా జరిపి, విశాలమైన చర్మభాగములకు చికిత్స చేసిరి. 1960లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కార్జ్‌మార్కు మొదలగువారు లీనియర్ యాక్సిలరేటరను యంత్రముతో, నిలుచున్న రోగికి దూరమునుండి చేయు పద్ధతిని ప్రకటించిరి. దానిని సవరించుకొనుచు వచ్చినదే నేడు లోకమంతట స్టాన్‌ఫర్డు పద్ధతి యని పిలువబడుచున్నది.

అది యిట్లుండును. సాధారణముగా నొక మీటరు దూరమున పనిచేయు యంత్రమునకు మూడునాలుగు మీటర్ల యెడముగా రోగి నిలువవలెను. దూరమైనకొలది ధార విస్తరించి తలమొదలు పాదములదాక వ్యాపించును. ఒకసారి కొంచెము ఎగువకు, ఒకసారి కొంచెము దిగువకు వంచి రెండు ధారలను విడుతురు. రెండును కలిసి నిలువునా సమముగా పడును. రోగికిని యంత్రమునకును నడుమ పలుచని యాక్రిలిక్ పలక నిలుపుదురు. అది ధారను మఱింత చెదరగొట్టి, వేగము తగ్గించి, చర్మమునకు తగినట్లు చేయును. ఇట్లు పడిన బలము నాలుగు మిల్లీమీటర్ల లోతున, అనగా కందిగింజకు మించని మందమున, నూటికి 80 పాళ్లుండును. రెండు సెంటీమీటర్లు పోవుసరికి 20 పాళ్లకు లోబడును. లోపలి యవయవములకు చేరునది మిక్కిలి స్వల్పము. "మేనంతయు కరెంటు పెట్టినచో లోపలనంతయు ఉడికిపోదా?" అని మమ్మడిగిన వారికి మేమీ లెక్కనే చెప్పుచున్నాము.

మనుష్యదేహము స్తంభమువలె నునుపైనది కాదు కదా! ఒకవైపునుండి పడిన ధార వేఱొకవైపు తగులదు. అందుచే నాఱు నిలువులు. మొదటిదినమున ముందువైపు, వెనుకకుడి, వెనుకయెడమ. రెండవదినమున వెనుకవైపు, ముందుకుడి, ముందుయెడమ. చేతులు పైకెత్తి పట్టెడనో వలయమునో పట్టుకొని, ఒక కాలు ముందుకు నొక కాలు వెనుకకు నుంచి, కదలక నిలువవలెను. రెండుదినములకొక చుట్టు ముగియును. అప్పటికిని నీడపడు చోట్లు మిగులును: అరికాళ్లు, నడినెత్తి, రొమ్ముల క్రిందిమడత, తొడల సందు, స్థూలకాయులకు పొట్ట మడత. వీనికి వేఱుగ మాత్ర యిత్తురు. కన్నులకు సీసపు డిప్పలు. ఱెప్పలకును చికిత్స కావలసినచో మందుచుక్కలతో తిమ్మిరెక్కించి ఱెప్పలక్రిందనే చిన్నకవచము నుంతురు. గోళ్లకును కొంతకాలము మఱుగు కల్పింతురు. బలహీనులు, వృద్ధులు నిలువజాలనిచో పండుకొనబెట్టి చేయు పద్ధతులును, మెల్లగా తిరుగు పీటపై నిలిపి చేయు పద్ధతియు కొన్నిచోట్ల కలవు. మా మట్టుకు మాకు ఆఱు నిలువుల పద్ధతి వృద్ధురాండ్ర మోకాళ్లకు కొంచెము కఠినమనియే తోచుచున్నది.

మేనంతటికిని ధార తగులవలె ననగా చీరె యుండరాదు. అక్కయ్యగారు గోడవైపు తిరిగినదిందుకు. ఈ సంకోచమును తేలికగా నవ్వి త్రోసివేయువారికి మేమొక పాతకథ జ్ఞాపకము చేయుదుము. 1890 ప్రాంతపు దశాబ్దమున తిండివనములో ఐడా స్కడర్ అను అమెరికను యువతి, వైద్యుడైన తండ్రియింట నుండెను. ఒక్కరాత్రి ముగ్గురు భర్తలు, ఒకరి వెనుక నొకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడ రమ్మని యామెనే యడిగిరి; పురుషవైద్యుని లోనికి రానీయమనిరి. ఆమె కప్పటికి వైద్యము రాదు. తెల్లవాఱుసరికి ముగ్గురు స్త్రీలును మృతిచెందిరి. ఆమె స్వదేశమునకు పోయి వైద్యము చదివి, 1900వ సంవత్సరమున వేలూరికి వచ్చి, ఒక్క పడకతో ప్రారంభించినదే నేటి క్రిస్టియను మెడికల్ కాలేజి. 1918లో స్త్రీలకే వైద్యపాఠశాల పెట్టెను. సిగ్గును తిట్టి పోగొట్టవలెనని యామె కూర్చుండలేదు. సిగ్గుకు తగిన యేర్పాటుచేసెను. కిరణశాలయందును చేయవలసిన దదియే.

స్త్రీలైన టెక్నీషియన్లను ముందుగా నడుగవచ్చును. పలుచని కాగితపు లోదుస్తునో, వ్యాధి లేని మేర కొక చిన్నమఱుగునో యిచ్చుట కొన్నిచోట్ల వాడుక. ధార విడిచినప్పుడు గదిలో రోగి తప్ప నెవరు నుండరు. దళసరి గోడల వెలుపలినుండి తెఱపై చూచుచుందురు. ఈ తెఱ సంగతి ముందుగా చెప్పనందున అక్కయ్యగారు మొదటిదినమున నాసుపత్రిలో చాల నొచ్చుకొనిరి. చెప్పియుండిన నెంత సులువు! కూతురు పోయి మాటాడగా, ఆ తెఱయెదుట ఆమె పూటకు స్త్రీలే యుండునట్లు కుదిర్చిరి. పిమ్మట చికిత్స సాగినది. ఎవరు చూతురు, ఎంతసేపు, ఏ దుస్తు ఉండును అను ప్రశ్నలు మొదటిదినముననే యడుగుట మంచిది. అడిగినవారిని గయ్యాళియని యెవరు ననుకొనరు.

నగలమాటయు నింతే. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, మంగళసూత్రము అన్నిటిని తీయమందురు. బంగారముక్రింద చర్మమునకు ధార చేరక, ఆ మేరకు వ్యాధి మిగిలిపోవును. సువాసినులకు సూత్రము తీయుట కష్టముగా నుండును. చికిత్సాకాలమున కేదైన మార్పు కుదురునేమో వైద్యులనే యడిగి, ఆ కొలది నిమిషములు తీసి తల్లిచేతనో కూతురిచేతనో పట్టించుకొనిన దోషమేమి?

మాత్ర యెంత? పూర్వపు పద్ధతిలో 30 మొదలు 36 గ్రేలు. వారమునకు నాలుగుదినముల చొప్పున రెండునెలలకు పైగా పట్టును. ఇటీవలి కాలమున 10, 12 గ్రేలతో ముగించుట ప్రబలినది. రెండుమూడు వారములలో తీఱిపోవును. పెద్దమాత్రకు మచ్చలు పూర్తిగా తొలగువారు హెచ్చు. చిన్నమాత్రకు బాధలు తక్కువ. పైగా వ్యాధి తిరిగివచ్చినచో మఱల చేయుటకు వీలు. ఏదిచేసినను వ్యాధి సమూలముగా పోయెనని మాట యిచ్చు చికిత్స కాదిది. మచ్చలను తొలగించును, దురదను తగ్గించును, నెలలో యేండ్లో హాయిగా గడుపనిచ్చును. తొలిదశయందున్న రోగులలో పెక్కుమంది తమ వయసువారివలెనే దీర్ఘకాలము జీవింతురు. గడ్డలు లేచినవారిని, వ్యాధి రక్తమునకో లింఫుగ్రంథులకో ప్రాకినవారిని గూర్చి యంత ధైర్యముగా చెప్పజాలము. వారికి మందులతో కూడిన వేఱు చికిత్సలు కావలయును.

చికిత్సవలన చర్మము ఎఱ్ఱబాఱును, ఎండి పొట్టు రాలును, చేతులు కాళ్లు కొంచెము వాచును, చెమట తగ్గును, పెద్దమాత్రయైనచో గోళ్లు ఊడి మఱల వచ్చును. తలకు మఱుగుంచనిచో జుట్టు రాలును. సాధారణముగా నది కొన్ని మాసములకు మఱల మొలచును. ఈ యొక్క విషయమున తిరుపతివారు అదృష్టవంతులు. తలనీలాలిచ్చిన స్త్రీలు నిత్యము వేలకొలది తిరుగు ఊరిలో బోడితలను వింతగా చూచు వారెవరు? అక్కయ్యగారు చికిత్స తరువాత తల కొంగైనను కప్పుకొనక గోవిందరాజస్వామి సన్నిధికి పోయివచ్చిరి. చెమట తగ్గుటచే మన యెండకాలమున వడదెబ్బ తగులు భయము కలదు. మధ్యాహ్నమున బయటికి పోరాదు. పసుపు, గంధము, సున్నిపిండి, నాటుమందు ఏదియు చికిత్స సాగుచుండగా వైద్యుల నడుగకుండ పూయరాదు. గర్భిణి యని యనుమానమున్నచో ముందే చెప్పవలెను. ధార ఆగినంతనే దాని ప్రభావము ఆగును. రోగి దేహమున కిరణము నిలువయుండదు. ఇంటికి వచ్చి బిడ్డ నెత్తుకొనవచ్చును.

ఇక్కడ నొక మాట. మచ్చలు పలుచనివై కొలదిగా నున్నప్పుడు ఎలక్ట్రానులదాక పోనక్కఱలేదు. పూతమందులు, వెలుగుచికిత్స ముందుగా చేయుదురు. వెలుగుచికిత్స మనకు క్రొత్తది కాదు. మయూరకవి సూర్యశతకము రచించి చర్మరోగమునుండి విముక్తుడయ్యెనను ప్రతీతి కలదు. సాంబుని కథయు నట్టిదే. ఆయుర్వేదమున బావంచిగింజలను తెల్లమచ్చలకు వాడి ఎండ తగులనిత్తురు. ఆ గింజలోనున్న సోరలెను జాతి పదార్థమునే నేటివైద్యులు మాత్రగా నిచ్చి, అతినీలలోహితకిరణములలో రోగిని నిలుపుదురు. 1974 మొదలు ఈ పద్ధతికి ప్రచారము వచ్చినది. ఇది విని యెవరైన బావంచి నూరి పూసికొని మిద్దెపై కూర్చుండెదరేమో! మాత్ర తెలియక చేసినచో చర్మము కాలి బొబ్బలెక్కును. కథను కథగా గౌరవింతము. మాత్రను యంత్రమునకు విడుతము.

మనవారెక్కడికి పోవలయును? 1911 వఱకు చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము; వేలూరును ఆ జిల్లాలోనిదే. జిల్లాలు విడిపోయినను చిత్తూరివారు రోగమనగానే రాయవేలూరు బండి యెక్కుట మానలేదు. తిరుపతిలో 1993 మొదలు శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞానసంస్థ, జనులు స్విమ్స్ అందురు, అది కిరణవైద్యశాఖతో నున్నది. అలిపిరి చేరువను టాటా ట్రస్టులు కట్టించిన కాన్సరు ఆసుపత్రి 2022 మే 5వ తేదిన ప్రారంభమైనది. మదరాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో స్థాపించిన కాన్సరు ఇన్‌స్టిట్యూటు కలదు. 1923లో చెల్లెలు కాన్సరుతో మరణించుట కన్నులార చూచిన యా మహిళ ముప్పదియేండ్లు పట్టువదలక సాధించిన సంస్థ యది.

చిన్న తావునకు చేయు చికిత్స యిట్టి పెద్ద యాసుపత్రులలో సాధారణము. మేనంతటికిని చేయు ఎలక్ట్రానుచికిత్సకు మాత్రము యంత్రముండిన చాలదు. దూరము చాలినంత గది, ప్రత్యేకమైన కొలతలు, భౌతికశాస్త్ర నిపుణులు కావలయును. అందుచే ప్రయాణముకట్టుటకు ముందే "ఈ చికిత్స మీయొద్ద చేయుదురా, ఏ పద్ధతి, ఎన్ని గ్రేలు, ఎన్ని వారములు, స్త్రీలు చేయుదురా" అని తెలిసికొని పోవలెను. చర్మమునుండి తీసిన తునకను, దాని చీటీని వెంట తీసికొని పోయినచో పరీక్ష మొదటినుండి చేయనక్కఱలేకపోవచ్చును. ప్రభుత్వపు ఆరోగ్యకార్డు చెల్లునా యని ఆసుపత్రిలోని సహాయకుల బల్లయొద్ద చికిత్స మొదలుకాకముందే యడుగవలెను. దూరపు ఊరివారు రెండునెలలు నిలువవలసివచ్చినచో బసకు కావలసిన యేర్పాటు ముందుగా చేసికొనవలెను. తిరుపతిలోనైనచో సత్రములకు కొదువలేదు గాని, బ్రహ్మోత్సవముల దినములలో గది దొరకుట దుర్లభము. ఆ వారములు తప్పించి తేది పెట్టించుకొన్నచో సుఖము.